దొడ్డి ఎవరి పేర ఉంది?

(రాజమండ్రిలో జరిగిన ఒక మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం ‘పల్లెలో స్వయంసమృద్ధ జీవనం’. పెరటితోట, పళ్ళచెట్లు, తేనెటీగలు, సౌరశక్తి, వీటితో ఒక కుటుంబం తన కాళ్ళ మీద తాను ఎలా నిలబడగలదో చెప్పమన్నారు. తెలిసినంతవరకు చెబుతాను. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకొక ప్రశ్న అడ్డొస్తుంది. స్వయంసమృద్ధి అంటున్నాం కదా, ఇందులో ‘స్వయం’ ఎవరు? ఆ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు, మా దొడ్లోంచి వచ్చింది. అందుకని అక్కడే మొదలుపెడతాను.

మాది అల్లవరం మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు. ఇంటి చుట్టూ ఎనిమిది కుంచాల దొడ్డి. కుంచం అంటే పది సెంట్లని కోనసీమవాళ్ళకి చెప్పక్కర్లేదు. నలభై పైచిలుకు కొబ్బరిచెట్లు. వాటి నీడన అరటి, కంద, చేమ, పసుపు. నూతి దగ్గర కరివేప, మునగ, దబ్బ. ఒక మూల పనస, రెండు మామిళ్ళు, జామ. ఒక పాడిగేదె, కొన్ని కోళ్ళు. పనసచెట్టు కింద ఖాదీవాళ్ళ ద్వారా వచ్చిన రెండు తేనెపెట్టెలు. చీమలెక్కకుండా పెట్టె కాళ్ళ కింద నీళ్ళు పోసిన కొబ్బరిచిప్పలు. ఆ నీళ్ళు ఎండిపోకుండా చూడ్డం చిన్నప్పుడు నా పని.

మేం నలుగురు పిల్లలం. బజారులో కొనేవి ఉప్పు, పప్పు, కిరసనాయిలు, బట్టలు. మిగతాదంతా దొడ్డే ఇచ్చేది. ఇంతకంటే స్వయంసమృద్ధమైన ఇల్లు నేను తర్వాత కూడా ఎక్కడా చూడలేదు.

ఆ దొడ్డిని నడిపింది అమ్మ. కోడికూయకముందే లేచి పేడ తీసేది, పాలు పితికేది, నూతినీళ్ళు తోడి మొక్కలకి పోసేది. వేసవిలో కాలువలు కట్టేస్తే బిందెలతో మోసేది. ఆవాలు, కాయగూరల విత్తనాలు బూడిదలో కలిపి దాచేది. కానీ రెండు నెలలకోసారి కొబ్బరి దింపు తీసినప్పుడు వర్తకుడు డబ్బు పెట్టేది నాన్నగారి చేతిలో. ఊళ్ళో ఆయన రైతు. జనాభా లెక్కలవాళ్ళు వచ్చి ఏం చేస్తారమ్మా అనడిగితే అమ్మ, “నేనేం చేస్తాను బాబూ, ఇంట్లోనే ఉంటాను” అంది.

అది అమ్మ అమాయకత్వం మాత్రమే కాదు. మన దేశపు లెక్కల్లోనే అలా ఉంది. జాతీయ నమూనా సర్వేలో 93 అనే కోడ్ ఒకటుంది. ఇంటిపనితో పాటు కూరగాయలు, వంటచెరకు, పశుగ్రాసం సమకూర్చుకునేవాళ్ళని అందులో వేస్తారు. ఆ కోడ్‌లో పడ్డ మనిషి శ్రామికుల లెక్కలోకి రాదు. జీతం లేకుండా సొంత పొలంలో చేసే పని కూడా పనేనని జనాభా లెక్కల ప్రశ్నలో స్పష్టంగా చేర్చింది 1991లో. అదీ మహిళా సంఘాలు గట్టిగా అడిగాక.

నాన్నగారు 1993లో పోయారు. వీలునామా రాయలేదు. దొడ్డి ఆయన స్వార్జితం. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అలాంటి ఆస్తిలో భార్యకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ సమాన వాటా. అంటే అమ్మా, ఇద్దరు అన్నయ్యలూ, అక్కా, నేనూ ఐదుగురం హక్కుదారులం. అప్పటికి తీరమంతా రొయ్యల వెర్రి. వరి మీద పదేళ్ళకి వచ్చేది రొయ్య మీద ఒక్క పంటకే వస్తుందనేవారు. దొడ్డీ దాని వెనక చేనూ కలిపి చెరువు తవ్వడానికి అన్నయ్యలు బేరం కుదుర్చుకున్నారు. అక్కనీ నన్నూ రిలీజు దస్తావేజు మీద సంతకం పెట్టమన్నారు. అమ్మ చేత వేలిముద్ర వేయించారు.

అప్పటికే నేను మహిళా సంఘంలో పనిచేస్తున్నాను. ఊరూరా తిరిగి ఆస్తిహక్కు గురించి మాట్లాడుతున్నాను. అయినా సంతకం పెట్టాను. పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందని భయం. పసుపు కుంకుమ కింద చీర పెట్టారు. అది కట్టుకునే తిరిగొచ్చాను.

రెండేళ్ళు తిరక్కుండా తెల్లమచ్చ తెగులు చెరువుల్ని ఊడ్చేసింది. కొన్నవాడు చెరువు వదిలేసి పోయాడు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లని కూల్చినప్పుడు మా ఊళ్ళోనూ చెట్లు నేలకి వాలిపోయాయి. మా దొడ్లో అప్పటికి కూలడానికి చెట్లే లేవు. పక్కవాళ్ళ నూతిలో కూడా నీళ్ళు ఉప్పగా మారాయి. ఆ తర్వాత నెలలోనే, డిసెంబరు 11న, సాగుభూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మాకది ఆలస్యమైంది. 2005లో వచ్చిన తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం ఆ తీర్పు బలాన్ని కూడా తగ్గించింది.

అమ్మ చివరి రోజులు అమలాపురంలో పెద్దన్నయ్య వాళ్ళ డాబా మీద గడిచాయి. పగిలిన బకెట్లలో మట్టి పోసి తోటకూర, గోంగూర పెంచేది. అన్నయ్యల్ని ఎప్పుడూ ఒక్కమాట అనలేదు. నన్ను మాత్రం ఒకసారి అంది. “నేనంటే చదువు లేనిదాన్ని. నువ్వైనా పెట్టకుండా ఉండాల్సిందే అమ్మాయ్.”

ఇది నా గుండె బరువు దించుకోవడానికి చెప్పడం లేదు. ఇవాళ మనలో చాలామంది పెరటితోటల మీద, సహజ సేద్యం మీద, తేనెటీగల మీద పనిచేస్తున్నారు. మంచి పని. ఆ పని చేసేటప్పుడు నేను తప్పిన చోట మీరు తప్పకూడదని చెబుతున్నాను. ఒక్కొక్కటే చూద్దాం.

ముందు తోట. మన రాష్ట్రంలో ప్రభుత్వ సహజ సేద్య కార్యక్రమం 2016 ప్రాంతంలో మొదలైంది. దాన్ని ఊళ్ళలో నిలబెట్టింది మహిళా పొదుపు సంఘాలే. 2024లో ఆ కార్యక్రమానికి గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతిలో భాగం దక్కింది. ఇందులో ‘ఏటీఎం’ అని పిలిచే పద్ధతి ఒకటుంది. ఇరవై సెంట్లలో పదిహేను, ఇరవై రకాల కూరగాయలు వంతులవారీగా వేస్తారు. ఆకుకూర నెలలోపే చేతికొస్తుంది, తర్వాత ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. భూమిలేని దళిత మహిళలు కౌలుకి తీసుకుని కూడా ఇలా చేస్తున్నారు. ఇబ్బంది ఆ కౌలులోనే ఉంది. ఘనజీవామృతం వేసి, ఆకులు కప్పి, మూడేళ్ళు కష్టపడితే మట్టి గుల్లబారి సత్తువ వస్తుంది. సరిగ్గా అప్పుడే యజమాని “ఇక నేనే చేసుకుంటాను” అంటే ఆమె దగ్గర ఏ కాగితమూ ఉండదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు ఇస్తారు గానీ దానికి యజమాని సంతకం కావాలి. అది కూడా పదకొండు నెలలకే.

మొక్కల మాటొస్తే ఇక్కడికి దగ్గర్లోనే కడియం ఉంది. దేశంలో ఎక్కడెక్కడో తోటలకి మొక్క అక్కడి నుంచే వెళుతుంది. సంచుల్లో మట్టి నింపేది, అంట్లకి నీళ్ళు పట్టేది ఎక్కువగా ఆడవాళ్ళే. మొక్క గుణం, మట్టి గుణం వాళ్ళ చేతులకి తెలుసు. వాళ్ళలో ఎంతమందికి సొంతంగా ఒక చెట్టు పెట్టుకునే జాగా ఉందో ఒకసారి అడిగి చూడండి.

జాగా ఇచ్చారు కదా అంటారు. నిజమే. 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలుపెట్టి ఆడవాళ్ళ పేరనే ఇళ్ళపట్టాలు ఇచ్చారు. ఆ పద్ధతి మంచిది, మనం ఏళ్ళ తరబడి అడిగిందే. కానీ పల్లెలో ఇచ్చింది సెంటున్నర, అంటే డెబ్బై రెండు గజాలు. ఇల్లు కట్టాక ఒక మునగచెట్టుకి చోటు మిగిలితే గొప్ప. పేరు ఆమెదయింది గానీ దొడ్డి లేకుండా పోయింది. సంఘంగా ఊరి ఉమ్మడి స్థలంలో తోటకి చోటు అడగాలని నేనంటాను.

తేనెటీగలకి వస్తే, భూమిలేని స్త్రీకి ఇంత వీలైన పని ఇంకోటి లేదు. ఈగ ఎవరి చెట్టైనా వాలుతుంది. కొబ్బరికి ఏడాది పొడుగునా పూత ఉంటుంది కనక కోనసీమలో వాటికి మేత కరువు తక్కువ. అవి తిరిగితే తోటవాడికే మంచిది, పిందె బాగా నిలుస్తుంది. ఏలూరు జిల్లా విజయరాయిలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు తేనెటీగల మీద పరిశోధన చేస్తున్నారు. పెట్టెలు పెట్టబోయేవాళ్ళు ముందు అక్కడికి వెళ్ళి చూసి రండి. కష్టాలు కూడా చెప్పాలి. 1990ల మొదట్లో దక్షిణాదిన ఒక వైరస్ వచ్చి మన నాటు ఈగల్ని ఊడ్చేసింది. మా అమ్మ పెట్టెలు ఖాళీ అయింది అప్పుడే. ఇప్పటి గండం పురుగుమందు. చుట్టూ ఉన్న చేలల్లో పూత మీద, పగటిపూట మందు కొడితే ఈగలు తిరిగి రావు. సాయంత్రం ఈగలు గూటికి చేరాక కొట్టమని రైతులకి చెప్పాలి. ఒక్క ఆడమనిషి వెళ్ళి చెబితే వినరు. సంఘం వెళితే వింటారు. అందుకే తేనెపెట్టె ఒంటరి పని కాదు.

ఇక ఎండ. సౌరశక్తి మనకి కొత్త అనుకోకండి. ఆత్రేయపురంలో చాపల మీద మామిడిరసం పొర మీద పొర పోసి తాండ్ర ఎండబెట్టే ఆడవాళ్ళూ, డాబాల మీద వడియాలు పెట్టేవాళ్ళూ తరాల నుంచి వాడుతున్నది ఆ శక్తినే. కొత్తది కరెంటు పలక. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాటుకి 30,000, రెండింటికి 60,000, మూడు ఆపైన 78,000 రూపాయల రాయితీ పెట్టారు. కిలోవాటుకి రోజుకి సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. నీడ పడని వంద చదరపు అడుగుల కప్పు కావాలి. కొబ్బరితోట మధ్యనున్న ఇంటికి ఆ ఎండ ఎక్కడ పడుతుందో ముందే చూసుకోవాలి. పలక కోసం చెట్టు కొట్టేయమంటే ఒప్పుకోకండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. లైనుకి కలిపిన పలక, బ్యాటరీ లేకపోతే, కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కి షాకు కొట్టకుండా అలా ఏర్పాటు చేస్తారు. కాబట్టి తుపానులో, వరదలో అది దీపం వెలిగించదు. 2022 జూలై వరదకి లంకలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలాంటి ఊళ్ళకి బ్యాటరీ ఉన్న చిన్న లాంతరు, ఫోను చార్జీ పెట్టుకునే సదుపాయం ముందు కావాలి.

ఇక్కడా అదే ప్రశ్న. మీటరు ఎవరి పేర ఉంటే దరఖాస్తు వాళ్ళదే, రాయితీ పడేదీ వాళ్ళ ఖాతాలోనే. పొదుపు సంఘం అప్పు ఆమె పేరన తెచ్చి, పలక ఆయన పేరన బిగిస్తే, వాయిదా ఆమెకీ ఆస్తి ఆయనకీ మిగులుతాయి.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికీ పుట్టుకతో హక్కుందని మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచే అమలయ్యేలా చట్టం చేసింది. అయితే అప్పటికే పెళ్ళయినవాళ్ళకి వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్ళయినా కాకపోయినా, కూతుళ్ళందరికీ ఆ హక్కు వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న వాదాన్ని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాల్ని మాత్రం కదపలేం. న్యాయసలహాకి డబ్బు లేదని ఆగిపోకండి. 1987 న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్ళందరికీ, ఆదాయంతో పని లేకుండా, ఉచిత న్యాయసహాయం అందాలి. మండల న్యాయసేవా సంఘాన్ని అడగండి.

ఇక్కణ్ణుంచి వెళ్ళాక పెరటితోట మొదలుపెట్టే ప్రతి ఇంట్లో, విత్తనాలు ఇచ్చే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ దొడ్డి ఎవరి పేర ఉంది? పంట అమ్మిన డబ్బు ఎవరి చేతిలో పడుతుంది? ఈ అప్పు ఎవరు తీర్చాలి? రేపు ఆయన లేకపోతే ఆమె ఇక్కడే ఉండగలదా? జవాబులు పుస్తకంలో రాసుకోండి. మొదటేడే అన్నీ మారవు. కనీసం మీటరు, పెట్టెలు, కౌలుకాగితం, వీటిలో ఒక్కటైనా ఆమె పేర మార్పించండి. మీ ఇళ్ళలో ఎవరైనా దస్తావేజు తెచ్చి సంతకం పెట్టమంటే, ఒక రోజు గడువు అడిగి, ఆ కాగితం తీసుకుని మన సంఘానికి రండి. ఆ రోజు నేనలా వెళ్ళలేదు.

సెలవు.