ఛార్జి కాని ఆటపెట్టె

యంత్రం మొరాయించినప్పుడు మనలో చాలామందికి తోచే మొదటి ఉపాయం దానిని ఒక దెబ్బ తట్టి చూడటం. రెండవది అంగడికి మోసుకొనిపోవడం. ఈ రెండింటి నడుమ ఇంటివద్దనే చేయదగిన పరీక్షలు కొన్ని ఉన్నవి. నేడు పిల్లల చేతులలో తరచుగా కనిపించే ఆటపెట్టెను, అంటే అరచేతులలో పట్టుకొని, తెరను చూస్తూ, మీటలు నొక్కి ఆడే చిన్న యంత్రాన్ని, ఉదాహరణగా తీసుకొని వాటిని వివరిస్తాను.

1989లో జపాను దేశపు నింటెండో సంస్థ గేమ్ బాయ్ అనే ఆటపెట్టెను విడుదల చేసినప్పుడు ఈ చిక్కు లేదు. దానికి నాలుగు పెన్సిలు సెల్లులు వేసేవారు. అవి అయిపోతే కొత్తవి వేసేవారు. 2003లో వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్పీలో తిరిగి ఛార్జి చేయదగిన లిథియం అయాన్ బ్యాటరీ చేరినది. 2017లో వచ్చిన స్విచ్‌లోనైతే ఆ బ్యాటరీ మరలు విప్పితే తప్ప కంటబడదు. కనబడని వస్తువుమీద అనుమానం ఎక్కువ. పెట్టె ఛార్జి కాకపోతే "బ్యాటరీ పోయినది" అని తీర్పు చెప్పడం అందుకే పరిపాటి అయినది.

నిజానికి విద్యుత్తు బ్యాటరీని చేరే దారిలో ఐదు మజిలీలు ఉన్నవి: గోడమీది సాకెట్టు, ఛార్జరు, కేబులు, పెట్టెకున్న ఛార్జింగు పోర్టు, లోపలి బ్యాటరీ. పరీక్ష మొదటి మజిలీనుంచి ప్రారంభం కావలెను. ఒకసారికి ఒక్కదానినే మార్చి చూడవలెను. ఛార్జరును, కేబులును కలిపి మార్చితే, పెట్టె పనిచేసినప్పటికీ, చెడినది ఏదో తేలదు.

మొదట సాకెట్టు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీ నగర్ ప్రాంతాలలో విద్యార్థుల హాస్టళ్ళు విస్తారం. నలుగురున్న గదిలో ఒక ఎక్స్‌టెన్షను బోర్డు, దానికి సెల్‌ఫోనులు, లాప్‌టాపులు, ఒక్కొక్కసారి ఇస్త్రీపెట్టె కూడా. అటువంటి బోర్డులో ప్లగ్గు వదులై ఉండటం వింత కాదు. ఛార్జరును నేరుగా గోడ సాకెట్టుకే పెట్టి చూడవలెను.

రెండవది ఛార్జరు. అమెరికానుంచి మేనమామో పిన్నో తెచ్చి ఇచ్చిన పెట్టెల విషయంలో జాగ్రత్త అవసరం. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టుల విద్యుత్తు. అక్కడి ఛార్జర్లలో కొన్ని, ముఖ్యంగా పాత ఆటపెట్టెలవి, 120 వోల్టులకే తయారైనవి. పిన్ను సరిపోయేటట్లు చేసే చిన్న అడాప్టరు పిన్ను ఆకారాన్నే మార్చుతుంది గాని వోల్టులను మార్చదు. ఛార్జరుమీద 100 నుంచి 240 వోల్టులు అని ముద్రించి ఉంటేనే మన గోడకు పెట్టవలెను. లేకున్నచో అది కాలిపోవచ్చు. శక్తి చాలకపోవడం మరొక లోపం. స్విచ్‌తో వచ్చే ఛార్జరు 15 వోల్టుల వద్ద 2.6 ఆంపియర్లు ఇవ్వగలదు. పాత సెల్‌ఫోను ఛార్జరు 5 వోల్టుల వద్ద ఒక ఆంపియరు ఇస్తే, ఆడుతున్నంతసేపు ఛార్జి పెరగకపోగా తరిగిపోవచ్చు కూడా.

మూడవది కేబులు. దానిని కొద్దిగా కదిలించినప్పుడు ఛార్జింగు గుర్తు వెలిగి ఆరుతుంటే వేరొక కేబులు పెట్టి చూడవలెను. అప్పుడూ అట్లే జరిగితే దోషం పోర్టులో ఉన్నదని అనుకోవచ్చు. ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. రెండు కొసలా టైప్-సీ ఉన్న కేబులులో ఛార్జరు ముందుగా అవతల యంత్రమున్నదా అని విచారిస్తుంది. యంత్రంలోని 5.1 కిలో ఓముల నిరోధకాలు రెండు అందుకు జవాబు చెప్పవలెను. పాత ఆటలను వందలకొద్దీ నింపి అమ్మే చౌకరకం పెట్టెలు కొన్నింటిలో ఆ నిరోధకాలను అమర్చరు. జవాబు రాదు గనుక ఛార్జరు విద్యుత్తును విడువదు. అన్నీ బాగున్నవే, ఛార్జింగు మాత్రం లేదు! ఒక కొసన పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబులును, దానికి తగిన మామూలు 5 వోల్టుల ఛార్జరును వాడితే అటువంటి పెట్టె చక్కగా ఛార్జి అవుతుంది.

నాలుగవది పోర్టు. జేబులోని నూలుపోగులు, రోడ్డుమీది దుమ్ము అందులో చేరి గట్టిపడతవి. అప్పుడు కేబులు పూర్తిగా లోపలికి దిగదు. పెట్టెను ఆపివేసి, టార్చిలైటు వెలుతురులో చూస్తూ, పొడి చెక్కపుల్లతో మెల్లగా ఊడ్చవలెను. పోర్టు మధ్య నున్న సన్నని నాలుకమీదనే విద్యుత్తును అందుకొనే స్పర్శలు ఉన్నవి. పిన్నీసు, సూది పనికిరావు. నోటితో ఊదితే తుంపరలు పడతవి.

ఇక బ్యాటరీ. నెలల తరబడి పరీక్షల పేరిట బీరువాలో పెట్టిన పెట్టె బొత్తిగా ఒట్టిపోయి, ఛార్జరు పెట్టిన వెంటనే పలుకకపోవచ్చు. అరగంటసేపు కదలించక ఉంచవలెను. స్విచ్ అయితే పవరు మీటను కనీసం 12 సెకండ్లు నొక్కి పట్టి, వదలి, మరల ఒకసారి నొక్కి చూడవలెను. మే నెలలో ఎండలో నిలిపిన కారులోనుంచి తీసిన పెట్టె వేడి తగ్గేవరకు ఛార్జింగును తానే నిరాకరించవచ్చు. అది దోషం కాదు, రక్షణ.

పెట్టె వీపు ఉబ్బినా, తెర పైకి లేచినా, తీపి ఘాటు కలిసిన వాసన వచ్చినా పరీక్షలన్నీ అక్కడితో ముగించవలెను. ఉబ్బిన లిథియం బ్యాటరీని గుచ్చితే మంటలు లేస్తవి. ఛార్జరు తీసివేసి, పెట్టెను పరుపులకు, కాగితాలకు దూరంగా ఉంచి, తెలిసిన పనివానికి అప్పగించవలెను. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం దానిని వేరుగా సేకరణకు ఇవ్వవలెను.

పోర్టు విరిగితే టంకం వేయక తప్పదు. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజి స్టేషనులో దిగితే, విడిభాగాలకు పేరుపొందిన కోఠీ గుజరాతీ గల్లీ దగ్గరలోనే ఉన్నది. పని ఒప్పుకొనేముందు మొత్తం ఖర్చు అడగండి. తీసిన పాత భాగాన్ని తిరిగి ఇవ్వమనండి. మెమరీ కార్డును ఇంటివద్దనే తీసి ఉంచండి.

ఈ పరీక్షలను, బ్యాటరీ ఉబ్బు సంగతి మినహా, పెద్దలు ప్రక్కన ఉండి పిల్లలచేతనే చేయించవచ్చు. ఏది మార్చినారో, ఏమి జరిగినదో కాగితంమీద వరుసగా వ్రాయించండి. ఆ కాగితం చూపిన ఇంటివారికి, చెడని బ్యాటరీని మార్చినందుకు డబ్బు చెల్లించవలసిన అవసరం సాధారణంగా రాదు.