డబ్బాల పనిలో భాగస్వామి ఎవరు?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో బేకరీలు, మిఠాయి దుకాణాలు, రంజాన్‌లో హలీం బట్టీలు నడిపేవారు చాలామంది వున్నారు. తమ పేరుతో సొంత డబ్బాలు చేయించుకోవాలని వారి ఉబలాటం. మంచిదే. పటాన్‌చెరు, పాశమైలారం పక్కనే వున్నాయి గదా, ఎవరో ఒకరు చేసిపెడతారులే అనుకుంటే మాత్రం అమ్మల నగలు కుదువబెట్టి తెచ్చిన సొమ్ము అచ్చులోనే కరిగిపోతుంది.

థర్మోఫార్మింగ్ అంటే ప్లాస్టిక్ షీటును వేడిచేసి, మెత్తబడగానే అచ్చు మీద పరచి, గాలి లాగేయడం. చల్లారాక అంచులు కోస్తారు. లోతు పెరిగినకొద్దీ షీటు సాగి మూలల్లో పలచబడుతుంది. కాబట్టి షీటు మందం అడిగి వూరుకోరాదు, తయారైన డబ్బాను కోసి మూల చూడాలి. (మొహమాటం వద్దు, కత్తెర మీరే తీసుకుపొండి.)

పెట్ డబ్బా అద్దంలా మెరుస్తుంది, ఖర్జూరాలకు బాగుంటుంది. కాని 70 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. దేగ్‌లోంచి తీసిన హలీం పోస్తే వంకర తిరుగుతుంది. దానికి పాలీప్రొపిలీన్ కావాలి. ప్లాస్టిక్ నుంచి తిండిలోకి ఏమైనా దిగుతుందా అని చూసే పరీక్ష ఐ.ఎస్. 9845, ఆ రిపోర్టు అడగండి.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 1 జులై 2022 నుంచి దేశమంతటా నిషిద్ధం. "అవీ చేస్తాం భాయ్, ఎవరు చూస్తారు" అనేవాని గేటు నుంచే తిరిగి రండి. ఫ్యాక్టరీల నీళ్ళతో నక్కవాగు చెడిపోయి, కేసు 1990లో సుప్రీంకోర్టు దాకా పోయిన ప్రాంతం మనది.

అసలు చిక్కు అచ్చు దగ్గర. ఖర్చు మనది, అచ్చు వుండేది వాళ్ళ షెడ్డులో. పని ఆగిననాడు అది ఎవరిది? దానితోనే ఇంకొక బేకరీకి డబ్బాలు తీస్తే? కోతలో మిగిలిన తుక్కు విలువ ధరలో తగ్గిస్తారా? ఈద్ దాటినాక వచ్చిన సరుకు ఎవరు భరించాలి? ఇవన్నీ కాగితం మీద పెట్టాలి. "మనవాళ్ళే గదా, కాగితాలెందుకు" అనడం మనకు అలవాటు. గడువు పెట్టుకున్న అప్పును వ్రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని సూరె బఖరాలో వుంది. చుట్టరికం అంతకంటె పెద్దదా?

పెద్ద అల్యూమినియం అచ్చుకు పోకముందు చెక్కతోనో రెజిన్‌తోనో నమూనా అచ్చు చేయించి, కొన్ని వందల డబ్బాలు తీయించి, నెల రోజులు దుకాణంలో వాడి చూడమని మా సలహా.

ఒప్పంద పత్రం నమూనాలు తెలుగులో, ఉర్దూలో సంఘం ఆఫీసులో వుంచాము. జుమా నమాజు తర్వాత ఎవరైనా వచ్చి తీసుకోవచ్చు.