బ్రేకు గొట్టము



ధర్మపురిలో మేము ఇంటి పెరట ఒక కారు కట్టుచున్నాము. ఇంజను మ్రోగిన నాడు పిల్లలందరు చప్పట్లు కొట్టిరి. బ్రేకు గొట్టములు బిగించిన నాడు ఎవరును రాలేదు. అయినను, ఆ పిల్లలను కూర్చుండబెట్టుకొని సేలము దారిలో తొప్పూరు కనుమ దిగవలసినది ఆ గొట్టముల మీది నమ్మకముతోనే గదా!

సులువుగా వంగునని మొదట రాగి గొట్టము వేసితిమి. అదురునకు అది బీటలు వారునని తెలిసి, ఊడదీసి ఉక్కుది వేసితిమి. గొట్టములలోని గాలి పూర్తిగా తీసితిమి. ద్రవము అణగదు, గాలి అణగును. బుడగలు మిగిలినచో పెడలు క్రుంగును గాని బండి ఆగదు.

బ్రేకు ద్రవము తేమను పీల్చుకొనును. కనుమ దిగునప్పటి వేడికి ఆ తేమ ఆవిరియై మరల బుడగలు కట్టును. కావున రెండేండ్ల కొకమారు, ఉగాదికి ఇంటికి సున్నము వేయించునపుడే, బండికి క్రొత్త ద్రవము పోయించుడని మా మనవి.