చూసిన కళ్లు ఎన్ని?
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరును కాబట్టి ఏదైనా సాంకేతిక విషయం మాట్లాడమన్నారు. మనందరికీ రోజూ పనికొచ్చేదే ఎంచుకున్నాను. ఫోనుకు వచ్చిన కబురు నిజమో కాదో తేల్చుకోవడం ఎలా?

2018 వేసవి గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాట్సాప్ సందేశాలు తిరిగాయి. ఆ మే నెలలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఆ అనుమానంతోనే గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో, భిక్షాటనకు వచ్చిన సంచార కులంవాళ్లు ఐదుగురు అలాగే బలయ్యారు.

అప్పట్లో తిరిగిన ఒక వీడియోలో, మోటారు సైకిల్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో వాళ్లు వెనక్కి వచ్చి పిల్లవాణ్ణి దింపేసి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కత్తిరించేశారు. విలేకరులు అసలు వీడియో వెతికి పట్టుకొని ఈ సంగతి బయటపెట్టారు.

"నాలుగు గ్రూపుల్లో వచ్చింది, అబద్ధమెలా అవుతుంది?" అనేవాళ్లు చాలామంది. ఇక్కడే నా వృత్తిలోని ఒక మాట చెప్పాలి. బాయిలర్ డ్రమ్ములో నీటిమట్టం కొలవడానికి మూడు పరికరాలు పెడతాం. మూడింటిలో రెండు ఒకే మాట చెబితే నమ్ముతాం. అయితే ఒక షరతు. ప్రతి పరికరానికీ డ్రమ్ము నుంచి సొంత గొట్టం ఉండాలి. మూడూ ఒకే గొట్టానికి తగిలిస్తే, ఆ గొట్టం పూడుకుపోయిన రోజున మూడూ కలిసి ఒకే అబద్ధం చెబుతాయి.

వార్తలకూ ఇదే షరతు. పీటీఐ పంపిన ఒకే కథనం ఐదు పత్రికల్లో వస్తే అది ఒక్క ఆధారమే. ఒకే వీడియోను పది ఛానళ్లు చూపించినా ఒక్కటే. "సోషల్ మీడియాలో వైరల్" అని చెబుతున్నారంటే, వాళ్లూ మనలాగే ఫోనులో చూశారేమో అని అనుమానించాలి. స్థానిక విలేకరి స్టేషన్‌కు వెళ్లి రాసిన వార్త ఒక గొట్టం. పోలీసుల ప్రకటన మరొకటి. హైదరాబాద్ నుంచి పనిచేసే ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థల పరిశీలన ఇంకొకటి, అదీ వాళ్లు సొంతంగా వెతికి ఉంటేనే.

కాబట్టి ముందు ఊరు, తేదీ, పోలీస్ స్టేషన్ అడగండి. తర్వాత రెండు పత్రికల జిల్లా పేజీలు చూడండి. వీడియో అయితే ఒక దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతకండి. పాతదైతే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. చిన్న వివరాల్లో పత్రికలు తేడాగా రాయవచ్చు. విడివిడిగా సేకరించిన వార్తల్లో కలిసే అంశం ఏమిటో చూడండి. ఎక్కడా ఏమీ దొరకకపోతే అబద్ధమని తీర్పు చెప్పనక్కర్లేదు. "ఇంకా తేలలేదు" అనుకొని అక్కడే ఆపితే చాలు.

"జాగ్రత్త కోసం పంపితే తప్పేముంది?" అని అడుగుతారు. గుంపులో చేరినవాళ్లు కూడా పిల్లల్ని కాపాడుతున్నామనే అనుకున్నారు. నిజంగా అనుమానం కలిగితే 112కు ఫోన్ చేయండి. ఆ కబురు వందమందికి కాదు, పోలీసులకు చేరాలి.

మన గురువులు జవాబు ఒక్కటే రాస్తే ఒప్పుకునేవారు కారు, లెక్క చేసిన దశలు చూపించమనేవారు. మన పూర్వ విద్యార్థుల గ్రూపులోనూ అదే నియమం పెట్టుకుందాం. కబురు పంపేవారు ఊరు, తేదీ, విడివిడిగా తెలుసుకున్న రెండు ఆధారాలు జతచేయాలి. అవి లేని కబురు వస్తే, పంపినది ఎంత పెద్దవారైనా, "ఆధారం ఏమిటండీ?" అని మర్యాదగా అడుగుదాం. అడిగినందుకు ఎవరూ నొచ్చుకోకూడదు.