ఆకు రాలిందా, పురుగు తిన్నదా?



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీరు, శ్రీహరికోటలో రాకెట్ లేస్తే మిద్దెలెక్కి పొగచార చూసి పెరిగిన పిల్లలు. పైకి పోయిన ఉపగ్రహం మన శేషాచలం అడవుల్లో పురుగు పడితే పసిగట్టగలదా? ఈ రోజు అదే నా మాట.

పచ్చని ఆకు ఎర్ర వెలుగును మింగేసి, కంటికి కనబడని పరారుణ కాంతిని వెనక్కి కొడుతుంది. పురుగు పడితే ఈ లెక్క తారుమారవుతుంది. 1970 ప్రాంతంలో శాస్త్రవేత్త పి.ఆర్. పిషరోటి గారు కేరళ కొబ్బరి తోటల తెగులును హెలికాప్టర్ నుంచి పరారుణ ఫిల్ము మీద పట్టింది ఇలాగే. మన దేశంలో దూర సంవేదనకు తొలి అడుగు అదే. ఇప్పుడు సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు అయిదు రోజులకోసారి, ఉచితంగా దొరుకుతాయి.

చిక్కు ఎక్కడంటే, కెనడా పైన్ చెట్టు ఏడాదంతా పచ్చగా ఉంటుంది. బెరడు పురుగు పడి ఎర్రబడితే పైనుంచి ఇట్టే తెలిసిపోతుంది. మన ఎర్రచందనం అలా కాదు, ఏటా ఎండాకాలం ముందే ఆకు రాల్చేస్తుంది. అక్కడి సూత్రం తెచ్చి శేషాచలంలోని తలకోన మీద పెడితే కొండంతా పురుగు తిన్నట్టే చూపిస్తుంది! అందుకే ముందు మన అడవికి ఒక పంచాంగం రాసుకోవాలి. ఏ వాలులో ఏ చెట్టు ఎప్పుడు రాలుస్తుంది, ఏ వానకు చిగురేస్తుంది? చిగురు వేయాల్సిన వేళ బోడిగా ఉన్న చోటే అనుమానించాలి. తీరా ఆ వానల్లోనే మబ్బు అడ్డం. 2025 జులై 30న శ్రీహరికోట నుంచే వెళ్లిన నైసార్ ఉపగ్రహపు రాడార్‌కు మబ్బు ఒక లెక్క కాదు గానీ, అది ఆకు రంగు చూడదు, చెట్టు నిర్మాణాన్నీ తేమనూ చూస్తుంది. ఆకు రంగు చిత్రాన్నీ రాడార్ చిత్రాన్నీ కలిపి చదివే పని మీ తరానిది.

కొన్ని పురుగులు అప్పటికీ దొరకవు. 1990ల చివర్లో మధ్యప్రదేశ్ సాల అడవుల్ని నాశనం చేసిన తొలుచు పురుగు మాను లోపలే ఉంటుంది. కొమ్మలు ఎండేసరికి దాని పని అయిపోతుంది. అలాంటిదే ఇంకొకటి, దామలచెరువు వైపు మామిడి తోటలో ఆకు మీద బొటనవేలు రుద్ది చూడండి. జిగట, దాని మీద మసి. తేనెమంచు పురుగు వదిలిన తీపి మీద పెరిగిన బూజు అది. పైనున్న కెమెరాకు అది ఒట్టి నలుపు.

అందుకే ఆ అడవి పంచాంగం కోసం, తొలకరి పడగానే మీలో ఇద్దరు ముగ్గురు తలకోన అటవీ బీట్‌లో తిరిగే వాచర్ల వెంట నడవండి. చిగురేసిన తేదీ, జీపీఎస్ గుర్తు చెట్టు చెట్టుకూ రాసుకోండి. అటవీ శాఖ అనుమతి కాగితం మాత్రం జేబులో పెట్టుకోండి, లేదంటే ఎర్రచందనం స్మగ్లింగ్ కేసులో ఇరుక్కుంటారు.