పంట ధరయు చదువు ధరయు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయపు తలుపులు తెరచిన నాటికి నాకు ముప్పదియేండ్లు దాటినవి. భారతమును, మనుచరిత్రమును, ప్రక్కన నిఘంటువు పెట్టుకొని, ఈ బల్లమీదనే చదువుకొంటిని. గురుముఖమున నేర్చినది కాదు గనుక నా మాటలలో దోషములుండును, పెద్దలు మన్నింతురుగాక. కార్యదర్శిగారు నన్ను కావ్యములను గూర్చి ప్రసంగింపుమనిరి. వారి అనుమతితో లెక్కలను గూర్చి మాటలాడెదను. ఏలయన, ప్రతి జూన్ నెలలోను నన్ను వెదకికొని ఈ అరుగెక్కువారు కావ్యముల కొరకు రారు. ఏ చదువునకు ఎంత జీతమో అడుగుటకు వత్తురు.

నిరుడు ఒక రైతుసోదరులు తమ కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చిరి. పేరు చెప్పను, ఈ సభలోనే ఉన్నారు. వంకాయయు బెండకాయయు పండించి, తెల్లవారకమునుపే విశాఖపట్టణములోని పూర్ణా మార్కెట్టునకు చేర్చువారు. "బాబూ, ఏ సదువుకి ఎంత జీతమొస్తాదో లెక్క కట్టి సెప్పండి. అదే సేరుస్తాను," అనిరి. ఆయన కోరినది కంప్యూటరు. అమ్మాయి కోరినది రసాయనశాస్త్రము. 2023లో డిగ్రీ చదువులలో ఒకే విషయమును ప్రధానముగా ఎన్నుకొను పద్ధతి వచ్చినప్పటినుండి తల్లిదండ్రుల కలవరము రెట్టింపైనది.

జీతమడుగుట అల్పబుద్ధి యని నేననను. అప్పు చేసి చదివించువాడు రాబడి అడుగక మరేమి అడుగును? విద్య విద్యకొరకే యని వేదికలమీద చెప్పువారిలో చాలమందికి నెల మొదట జీతమో పింఛనో వచ్చుచుండును. అయితే లెక్క కట్టుమన్నపుడు నాకు నా తండ్రి కట్టిన లెక్క జ్ఞప్తికి వచ్చును.

మా నాయనగారు ఈ ఊరి కరణము. కరణీకమునకు వంశపారంపర్యపు హక్కు చెల్లదని సుప్రీం కోర్టు 1960లోనే తీర్పు చెప్పినను, ఊళ్లలో మాత్రము తండ్రి కలము కొడుకు చేతికే వచ్చుచుండెను. అంతకంటె స్థిరమైన ఉద్యోగము లేదని ఆయన నమ్మకము. 1983లో నన్ను తొమ్మిదవ తరగతిలో బడి మాన్పించి అడంగలు వ్రాయుట నేర్పసాగిరి. 1984 జనవరిలో ప్రభుత్వము ఆ పదవులనే రద్దు చేసెను. ఆ నిర్ణయము న్యాయమా కాదా యని నేడు వాదింపను. నాకు బడియు పోయినది, కలమును పోయినది. సహకార సంఘములో చిట్టాలు వ్రాయుచు బ్రతికితిని. మీరందరును ఇంకను కరణముగారనియే పిలుచుచున్నారు, పేరొక్కటి మిగిలినది.

అంతటితో నాకు బుద్ధి రాలేదు. 2010లో నా కుమారుని మెకానికల్ ఇంజనీరింగులో చేర్పించితిని. ఉక్కు కర్మాగారము, ఓడల కర్మాగారము, రేవు, చమురు శుద్ధిశాల చుట్టునుండగా వానికి పనికేమి కొదవ యని నా లెక్క. వాడు పట్టా పుచ్చుకొని వచ్చునప్పటికి అదే పట్టా పట్టుకొని వేలమంది నిలుచుండిరి. నేడు హైదరాబాదులో ఒక గిడ్డంగి సరకుల లెక్క వ్రాయుచున్నాడు. కరణీకము ఏదో రూపమున మా వంశమును విడువలేదు!

కనుక ఆ రైతుసోదరులను నేను తిరిగి ఒక ప్రశ్న వేసితిని: "పూర్ణా మార్కెట్టులో నేడు దేనికి ధర యున్నదో చూచి, రేపు దానినే నాటుదువా?" ఆయన నవ్విరి. 2023 జూలైలో టమాటా కిలో నూరు రూపాయలు దాటినది. (నిఘంటువు దానిని రామములగ యనును, ఆ పేరుతో అడిగిన పూర్ణా మార్కెట్టులో ఎవరును తూచి ఇయ్యరు.) ఆ ధర చూచి అందరును నాటిరి. సెప్టెంబరు నాటికి రాయలసీమలో రైతులు కాయను రోడ్డుప్రక్క పారబోసిరి. టమాటా మూడు నెలల పంట; డిగ్రీ మూడు నాలుగేండ్ల పంట. నేటి జీతమనునది నేటి ధర మాత్రమే. మన బిడ్డ కోతకు వచ్చునాటి ధర ఏ పట్టికలోను ఉండదు.

అమెరికాలో రిచర్డ్ ఫ్రీమన్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు ఇంజనీర్ల విషయమున 1976లో ఈ మాటనే వ్రాసెను. జీతములు పెరిగిన యేట విద్యార్థులు విరివిగా చేరుదురు. వారందరును ఒక్కమారుగా బయటికి వచ్చినపుడు జీతములు జారును. అది చూచి చేరువారు తగ్గుదురు. పిమ్మట మరల పెరుగును. నేడు మన రాష్ట్రమున ఇంజనీరింగు సీట్లలో అధికభాగము కంప్యూటరు, దాని శాఖోపశాఖలవే. యంత్రమే ప్రోగ్రాములు వ్రాయ నేర్చిన ఈ దినములలో ఆ పంట గతి ఏమగునో ఎవరెరుగుదురు?

మన విశాఖనే చూడుడు. ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన 1971లో. జాతికి అంకితమైనది 1992లో. శంకుస్థాపన విని లోహశాస్త్రములో చేరిన పిల్లవానికి అంకితోత్సవము నాటికి నలుబదియేండ్లు సమీపించి యుండును. మరియొక వైపు చూడుడు: ఆంధ్ర విశ్వవిద్యాలయములో భూభౌతికశాస్త్ర శాఖ 1949లో నెలకొన్నది. భూగర్భమున చమురు వెదకువారికి పని యిచ్చు కేంద్ర ప్రభుత్వ సంస్థ పుట్టినది 1956లో. మొదట చేరినవారికి తమ యజమాని ఇంకను పుట్టలేదు!

ఆ విశ్వవిద్యాలయమునకు 1931 నుండి 1936 వరకు ఉపకులపతిగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని కథ ప్రసిద్ధమే. చదువు ముగించిన జ్ఞాతి యొకరు తమ తత్త్వశాస్త్ర పుస్తకములను ఇచ్చివేయగా, ఖర్చు కలిసివచ్చునని ఆయన ఆ విషయమును తీసుకొనిరట. అనగా ఆయనయు డబ్బు చూచియే ఎన్నుకొనిరి. కాని జీతము చూచి కాదు, చేతిలో నున్నది చూచి. అయితే ఆ పుస్తకములనే ముందు చదివిన జ్ఞాతి పేరు మనకు తెలియదు. ఈ కథను ఎంతవరకు నమ్మి నడువవచ్చునో మీరే ఆలోచింపుడు.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఆమె తండ్రి తెచ్చు పురుగుమందు డబ్బాల మీది పేర్లు చదివి, ఏది దేనితో కలుపరాదో ఇరుగుపొరుగువారికి చెప్పుచుండును. పదునాలుగేండ్ల వయస్సునుండి ఎవరును చెప్పకయే ఈ పని చేయుచున్నది. మూడేండ్లు విసుగక కూర్చుండునది ఈ పిల్ల యని నాకు తోచి, రసాయనమే చేర్పింపుమంటిని. పరవాడలో మందుల కర్మాగారములున్నవి గనుక పనియు దొరకవచ్చును. అంతట తండ్రి ముఖము చిన్నబోయెను. 2024 ఆగస్టులో అచ్యుతాపురమున మందుల కర్మాగారములో పేలుడు సంభవించి 17 మంది మరణించిరి. జీతముల పట్టికలో ఆ గడి లేదు. నా వద్ద జవాబును లేకపోయెను. "పనిలో చేరునపుడు కర్మాగారమును చూచి చేరవలెను, చదువును మానరాదు," అని మాత్రము అంటిని. అమ్మాయి చేరినది. నా లెక్క ఇదివరకు తప్పినది, మరల తప్పవచ్చును. ఆ తండ్రి కన్నులు చూచినపుడెల్ల నాకు గుండె జంకుచునే యున్నది.

కార్యవర్గమునకు ఒక విన్నపము. ఉత్సవపు చందాలలో మిగులు ఉన్నయెడల ఒక బీరువా కొనుడు. చదువు ముగించినవారు తమ కళాశాల పుస్తకములను అందులో ఉంచిన, తరువాతివారు ఎన్నుకొనకముందే నాలుగు పుటలు తిప్పి చూడగలరు. నా కుమారుని మెకానికల్ పుస్తకములు పదునాలుగు సంచిలో కట్టి తెచ్చితిని. ఆ తలుపు ప్రక్కన నున్నవి. సెలవు.