హెడ్‌ఫోనుకు తగిన ఆంప్లిఫయరు

సంగీతము వినవలెనన్నచో ఒకప్పుడు ఇంటిల్లిపాదియు రేడియోపెట్టె చుట్టు చేరెడివారు. నేడు ఎవరి ఫోను వారిది, ఎవరి హెడ్‌ఫోను వారిది. ఈ రెంటికి నడుమ అమర్చుకొనదగిన చిన్న యంత్రమొకటి కొన్నేండ్లుగా అంగళ్ళలో కానవచ్చుచున్నది. కొన్ని బొటనవ్రేలంత, కొన్ని పేకముక్కల కట్టంత ఉండును. వెల వేయి రూపాయలు మొదలు అరలక్షకు పైబడికూడ కలదు. ఇంత తారతమ్యమున్న వస్తువును దేనిని చూచి ఎన్నుకొనవలెనో ఈ ప్రసంగమున విచారింతము.

ఈ యంత్రము చేయు పనులు రెండు. ఫోనులో పాట అంకెల రూపమున దాగియుండును. ఆ అంకెలను మరల విద్యుత్తరంగముగా మార్చుట మొదటి పని. దానిని చేయు భాగమును డాక్ అందురు. ఆ తరంగమునకు హెడ్‌ఫోనులోని పలుచని పొరను ఆడింపగల బలమిచ్చుట రెండవ పని. అది ఆంప్లిఫయరు వంతు. హెడ్‌ఫోను రంధ్రముగల ప్రతి ఫోనులోను ఈ రెండును ఇమిడియే యుండును. 2016లో ఆపిల్ సంస్థ ఐఫోన్ 7 నుండి ఆ రంధ్రమును తొలగించినది. పిమ్మట పెక్కు సంస్థలు ఆ త్రోవనే నడచినవి. అందువలన తీగగల హెడ్‌ఫోను వాడువారికి ఈ యంత్రము విడిగా కొనవలసిన వస్తువైనది.

అమ్మువారు మొట్టమొదట చూపునవి పెద్ద సంఖ్యలు: 384 కిలోహెర్ట్‌జ్, 768 కిలోహెర్ట్‌జ్, 32 బిట్లు. వీనిని చూచి బెదరనక్కరలేదు. 1982లో విపణికి వచ్చిన కాంపాక్టు డిస్కులో ధ్వనితరంగమును సెకనునకు 44,100 మార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్ల సంఖ్యగా వ్రాయుదురు. కొలతల సంఖ్యలో సగము వరకు గల కంపనములను తిరిగి సంపూర్ణముగా రాబట్టవచ్చునని శాస్త్రము చెప్పుచున్నది. అనగా 22,050 కంపనముల వరకు లోటులేదు. మానవుని చెవి యౌవనమునందే 20,000కు మించి వినజాలదు. వయసుతో ఆ హద్దు ఇంకను దిగిపోవును. 16 బిట్లు అతి సన్నని ధ్వనికిని అతి పెద్ద ధ్వనికిని నడుమ సుమారు 96 డెసిబెల్‌ల అంతరమును చూపగలవు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయులీనమును పాత 78 చుట్ల రికార్డునుండి ఎక్కించి వినునప్పుడు, ఆనాడు పట్టుబడని నాదమును ఏ డాక్ కూడ నేడు సృష్టింపలేదు. కాబట్టి ఈ అంకెల కొరకే అధికమూల్యము చెల్లించుట వ్యర్థమని మా అభిప్రాయము.

చూడవలసిన సంఖ్యలు వేరు. అవి హెడ్‌ఫోను పెట్టెమీద ఉండును. ఒకటి ఇంపీడెన్సు, అనగా విద్యుత్తునకు అది చూపు అడ్డు. దీనిని ఓములలో చెప్పుదురు. రెండవది సెన్సిటివిటీ, అనగా ఒక మిల్లీవాటు శక్తికి ఎన్ని డెసిబెల్‌లు పలుకునో తెలుపునది. కొందరు మిల్లీవాటునకు బదులు వోల్టునకు లెక్క చెప్పుదురు. రెండును ఒకటి కావు.

ఒక మిల్లీవాటునకు 100 డెసిబెల్‌లు పలుకు హెడ్‌ఫోనులు రెండు ఉన్నవనుకొందము. ఒకటి 32 ఓములది, మరియొకటి 300 ఓములది. తనియావర్తనము ముగింపువంటి ఘట్టములో క్షణకాలము 110 డెసిబెల్‌లు పలుకవలెనన్నచో రెంటికిని 10 మిల్లీవాట్లే కావలెను. కాని ఆ శక్తి అందుటకు మొదటిదానికి సుమారు 0.57 వోల్టు చాలును, రెండవదానికి 1.73 వోల్టులు కావలెను. మామూలు చిన్న యంత్రములు ఒక వోల్టు ప్రాంతమున ఇచ్చును. బలమైనవి రెండు వోల్టులును, అంతకు మించియు ఇచ్చును. కావున 32 ఓముల ఇట్టి హెడ్‌ఫోనుగలవారు పెద్ద యంత్రముకొరకు డబ్బు పోయనవసరము లేదు. సెన్‌హైజర్ వారి హెచ్.డి. 600 వంటి 300 ఓముల హెడ్‌ఫోనుగలవారికి మాత్రము బలమైన యంత్రము అక్కరకు వచ్చును.

చెవి లోపల అమర్చుకొను సున్నితమైన ఇయర్‌ఫోనుల సంగతి ఇందుకు విరుద్ధము. వానికి బలముకంటె నిశ్శబ్దము ముఖ్యము. పాట లేనప్పుడు సన్నని బుస వినవచ్చినచో ఆ యంత్రమును వదలవలెను. యంత్రముయొక్క సొంత ఇంపీడెన్సు ఇయర్‌ఫోను ఇంపీడెన్సులో ఎనిమిదవ వంతునకు మించకుండుట మేలు. 16 ఓముల ఇయర్‌ఫోనుకు 2 ఓములు హద్దన్నమాట. అది మించినచో కొన్ని ఇయర్‌ఫోనుల స్వరములలో హెచ్చుతగ్గులు కలిగి సహజత్వము చెడవచ్చును.

సొంత బ్యాటరీ లేని యంత్రము ఫోను బ్యాటరీనే వాడుకొనునని మరువరాదు. రేడియో అభిమానులకు ఇంకొక మాట. ఎఫ్.ఎం. గల ఫోనులలో పెక్కింటికి హెడ్‌ఫోను తీగయే ఏరియలు. యు.ఎస్.బి. ద్వారమునకు తగిలించిన యంత్రముద్వారా వినునప్పుడు సాధారణముగా ఆ సదుపాయము దక్కదు.

అంగడిలో రెండు యంత్రములను పోల్చునప్పుడు రెంటి ధ్వనిని సమానముగా పెట్టించుకొని వినవలెను. ఒకటి రవంత బిగ్గరగా పలికినను అదియే మేలైనదని చెవి భ్రమించును. ఆ భ్రమకు వేలు చెల్లించువారు కలరు.

చివరగా అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. పైన చెప్పిన 100 డెసిబెల్‌ల హెడ్‌ఫోనుకు 100 మిల్లీవాట్లు పంపినచో 120 డెసిబెల్‌లగును. అది చెవికి హాని చేయు ధ్వని. పెద్దలు వారమునకు 40 గంటలు 80 డెసిబెల్‌ల వరకు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. 90 డెసిబెల్‌లయొద్ద ఆ గడువు వారమునకు 4 గంటలే. పిల్లలకు 40 గంటలకు 75 డెసిబెల్‌లే హద్దు. ఇంట పిల్లలు వాడు యంత్రమైనచో గెయిన్ మీటను తక్కువలో ఉంచి ఇచ్చుట పెద్దల బాధ్యత.

ఇంటి పెద్దలలో ఎవరైనను ధ్వని చాలలేదని నానాటికి పెంచుకొనుచున్నచో, లోపము యంత్రమునందే ఉన్నదని తలపరాదు. అట్టివారికి ఆంప్లిఫయరు కొని ఇచ్చుటకు ముందు చెవివైద్యునికి చూపించుట మంచిది. చెడిన హెడ్‌ఫోనుకు బదులు మరియొకటి దొరకును. పోయిన వినికిడి తిరిగి రాకపోవచ్చును.